చిన్నాడి మేత

చెంగల్రాయన్ తల ఊపాడంటే మాట ఇచ్చినట్టే. నోరు తెరిచి ఇచ్చే అలవాటు ఆయనకు మొదటినుంచీ లేదు. బట్టల మిల్లులో పనిచేసిన కాలమంతా మగ్గాల హోరులో ఒకరి మాట ఒకరికి వినబడక సైగలతోనే గడిచిపోయింది. మిల్లు మూతపడింది, హోరు పోయింది, సైగలు మాత్రం ఆయన వెంట ఇంటికి వచ్చేశాయి. అందుకని మేడమీద అద్దెకున్న నాగశ్రీ ఊరికి బయలుదేరుతూ, ఒక కాలు ఆటోలో పెట్టి, "తాతగారూ, నేను తిరిగొచ్చేసరికి రెండూ ఉండాలండి. పెద్దాడూ, చిన్నాడూ. మీ మీదే వదిలేసి వెళ్తన్నానండి," అన్నప్పుడు ఆయన తల ఊపాడు. ఊపాక ఇక తప్పే దారి లేదు.

రెండూ అంటే రెండు తాబేళ్లు. లాస్‌పేటలో చెంగల్రాయన్ ఇంటి పెరట్లో, బావి పక్కన, మోకాలెత్తు ఇటుకగోడ కట్టి ఒక మూల కొబ్బరాకులు కప్పిన దొడ్డి వాటిది. ఒక్కోటి మోస్తరు గుమ్మడికాయంత ఉంటుంది. నీళ్లలో ఈదేవి కావు, గడ్డి మేసే ఆఫ్రికా జాతి. నాగశ్రీ మొగుడు ఫణిధర్‌కు యానాం నుంచి బదిలీ అయినప్పుడు సామాన్ల లారీలోంచి బీరువా, మంచాలతోబాటు ఇవీ దిగాయి. ఇల్లు మాట్లాడుకున్న రోజున ఫణిధర్ "మాకు రెండు పెంపుడువి ఉన్నాయండి" అంటే, కుక్కలై ఉంటాయనుకుని చెంగల్రాయన్ తల ఊపేశాడు.

కుక్కలు కావని తెలిసిన రోజున గొడవ చేసింది ఆయన అక్క లీలమ్మే.

"రేయ్ చెంగా, పారెస్టోళ్లు వచ్చి నిన్ను తోలుకోని పోతారు రా. ఈ వయసులో జైల్లో కూచుంటావా?"

నాగశ్రీ నవ్వి, ఇవి మన అడవుల్లో పట్టిన జాతి కాదనీ, వీటికి గవర్నమెంటులో పేర్లు రాయించామనీ నచ్చజెప్పింది. లీలమ్మ సగం నమ్మింది. కొన్నాళ్లు పోయాక పొద్దున్నే బావి దగ్గర మొహం కడుక్కుని దొడ్డివైపు తిరిగి దండం పెట్టుకోవడం మొదలుపెట్టింది. పెరుమాళ్లు ఎత్తిన అవతారం, వెతుక్కుంటూ పెరట్లోకి వస్తే వద్దనడం ఎందుకని.

లీలమ్మ ఆయనకంటే పెద్దది. మొగుడు పోయాక తమ్ముడింటికి వచ్చింది. తమ్ముడి పెళ్లాం పోయాక ఇల్లంతా ఆమె చేతికిందికే వచ్చింది. డెబ్బై దాటిన మనిషిని ఇప్పటికీ 'రేయ్' అనే పిలుస్తుంది. ఇద్దరికీ కలిపి దేవుడిచ్చిన మాటలన్నీ ఆమే వాడేస్తుందని వీధిలో అంటారు.

నాగశ్రీ వెళ్లింది వాళ్లమ్మకు కాలు విరిగిందని. ఫణిధర్ అంతకుముందే ఆఫీసు ట్రైనింగు మీద హైదరాబాదు పోయాడు. మేడకు తాళం, తాబేళ్లకు చెంగల్రాయన్.

పని పెద్దదేమీ కాదు. ఎండ దొడ్లో పడ్డాక గడ్డి, మందారాకులు, సొరకాయ తొక్కులు పెద్ద పళ్లెంలో వేయడం, మట్టి మూకుడులో నీళ్లు మార్చడం. అన్నం మాత్రం పెట్టకూడదు. "ఎంత అడిగినా పెట్టకండి మామ్మగారూ," అని నాగశ్రీ లీలమ్మకు మరీ మరీ చెప్పి వెళ్లింది. "అవి అడగతాయా ఏంది?" అని లీలమ్మ దానికీ ఒక మాట అంది.

చెంగల్రాయన్‌కు కొన్నాళ్లకే ఒక సంగతి కంటపడింది. పళ్లెం పెట్టగానే ఒకటి చూరు కిందనుంచి బండిలాగ దడదడా వచ్చేస్తుంది. రెండోది దాని వెనకే బయలుదేరి, సగం దూరం వచ్చి ఆగిపోతుంది. మొదటిది తింటూ తింటూ ఒక్కసారి మెడ తిప్పి చూస్తే చాలు, రెండోది తలా కాళ్లూ లోపలికి లాక్కుని రాయిలా కూచుంటుంది. మొదటిది తిని వెళ్లిపోయాక కూడా బయటికి రాదు. మధ్యాహ్నం ఎయిర్‌పోర్టులో దిగే విమానం ఇళ్లమీదుగా వెళ్లేటప్పుడు రెండూ ఒకేసారి తలలు లాక్కుంటాయి. విమానం పోగానే ఒకటి మళ్లీ తల చాపుతుంది. రెండోది చాపదు.

తినేది పెద్దాడు, తిననిది చిన్నాడు అని ఆయన అర్థం చేసుకున్నాడు. అంతకుమించి వాటిని వేరుగా గుర్తుపట్టడం ఆయన వల్ల కాలేదు. ఒక కంటికి శుక్లం తీయించుకున్నాడు, ఇంకో కంటికి తీయించుకోవాలి. రెండు తాబేళ్లూ ఒకే రంగు, ఒకే ఎత్తు. పేర్లు కూడా వయసునుబట్టి వచ్చినవి కావు, ఇంటికి ఏది ముందొచ్చిందో దాన్నిబట్టి వచ్చినవి.

చిన్నాడి కళ్లు గుంటలు పడ్డాయని తోచిన రోజున ఆయన దాన్ని గోనెసంచి పరిచిన వెదురుబుట్టలో పెట్టుకుని, ఆటో ఎక్కి, పెంపుడు జంతువుల డాక్టరు హరిహరన్ దగ్గరికి తీసుకుపోయాడు. తోడుకు రెండోదాన్నీ ఎక్కించాడు. ఆటోవాడు దారి పొడుగునా అద్దంలో వెనక్కి చూస్తూనే తోలాడు.

హరిహరన్ తమిళంలో మాట్లాడే మనిషి, చిన్నవాడు, చేతులు మెత్తన. రెండింటినీ తిరగేసి చూశాడు.

"రెండూ మగవి పెద్దాయనా. ఒకే దొడ్లో ఉంటే ఇంతే. కొట్టుకోనక్కర్లేదు, బలమైనది ఎదురుగా నిలబడితే చాలు, రెండోది తిండి మానేస్తుంది. మధ్యలో అడ్డం కట్టండి."

చెంగల్రాయన్ తల ఊపబోయి ఆగాడు. దొడ్డి నాగశ్రీ కట్టించుకున్నది. అడగకుండా అందులో గోడ లేపవచ్చా, లేపకూడదా? అడగాలంటే ఫోను చేయాలి. చేస్తే ఎందుకని అడుగుతుంది. అమ్మ కాలు విరిగి మంచాన ఉంటే, ఇక్కడ నీ తాబేలు తినడం లేదని ఎలా చెప్పడం?

"అంతవరకు మేత వేళకైనా విడదీయండి," అన్నాడు డాక్టరు. "బక్కదాన్ని రోజూ గోరువెచ్చని నీళ్లలో కాసేపు కూచోబెట్టి, బయట వేరుగా లేతాకులు పెట్టండి. ఈ చుక్కల మందు ఆకుమీద వేయండి. ఆ రెండోదానికి ఒళ్లు ఎక్కువైంది, దానికి కొన్నాళ్లు ఎండుగడ్డి చాలు. ఒకదానికి బదులు ఇంకోదానికి పెట్టేస్తారేమో, ఏదో ఒక గుర్తు వేసుకోండి. పెయింటు మాత్రం వద్దు, పెంకుకు మంచిది కాదు."

పెయింటు కాక ఇంట్లో ఏముంది గుర్తు వేయడానికి? అది పెరుమాళ్లకు శనివారాలు చేసే పెరటాసి, తమిళుల నెల. ఆ నెలంతా చెంగల్రాయన్ స్నానం కాగానే నామం దిద్దుకుంటాడు. తాతల కాలంలో ఆంధ్ర నుంచి వచ్చి ఈ తమిళ ఊళ్లో స్థిరపడ్డ తెలుగిళ్లలో అది ఇప్పటికీ పోలేదు. మర్నాడు పొద్దున అద్దం ముందు తిరుమణి గడ్డ అరగదీసి, తెల్లగా రెండు గీతలు, మధ్యన ఎర్రగా ఒకటి నుదుట దిద్దుకుని, గిన్నెలో మిగిలిన సుద్దను చూసి ఒక్క క్షణం ఆలోచించాడు. గిన్నెతో పెరట్లోకి వెళ్లి చిన్నాడి వీపుమీద చక్కగా ఒక నామం దిద్దాడు. సుద్దే కదా, పెంకుకేమీ కాదు, దూరంనుంచి మసక కంటికి కూడా కనబడుతుంది. తన తెలివికి తనే కొంచెం సంతోషపడ్డాడు. ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు, మర్నాడు అంతా సవ్యంగానే జరిగింది. నామం ఉన్నదాన్ని బయటికి తీసి, పాత ఇత్తడి బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి కూచోబెట్టాడు. ముందు వాకిలి అరుగు కింద ఎండలో వదిలి మందారచిగుళ్లు, అవిసాకు, చుక్కల మందు పెట్టాడు. మొదటిరోజు వాసన చూసింది. రెండోరోజు ఒక ఆకు కొరికి నమిలింది. చెంగల్రాయన్‌కు ప్రాణం లేచొచ్చింది. దొడ్లో ఉన్న బోసివీపుదానికి డాక్టరు చెప్పినట్టే ఎండుగడ్డి వేశాడు.

శనివారం అయ్యేసరికి సంగతి అద్భుతంగా మారిపోయింది. ఆయన దొడ్డి దగ్గరికి వెళ్లేసరికి నామం తాబేలు తనే దడదడా ఎదురొచ్చింది! బేసిన్‌లో కూచోమంటే కూచోలేదు, నీళ్లన్నీ తన్నిపోసింది. అరుగు కింద వేసిన చిగుళ్లన్నీ కుప్ప కుప్పగా మింగేసి, ఇంకా కావాలని ఆయన కాలివేలు పట్టుకోబోయింది.

మందు ఇంత తొందరగా పనిచేస్తుందా అని ఆయన ఆశ్చర్యపోయాడు. హరిహరన్ చేతివాసి మంచిదనుకున్నాడు.

కానీ దొడ్లో బోసివీపుది మూల ఒదిగి కూచుంది. ఎండుగడ్డి ముట్టలేదు. నిన్నటిదాకా బండిలా పరిగెత్తిన పెద్దాడు ఇలా ఎందుకు కూచున్నాడు? మంచి మేత వేరేవాడికి పెడుతున్నానని అలిగిందేమో అనుకున్నాడు. తాబేళ్లు అలుగుతాయా? మనుషులు అలిగితే ఏం చేయాలో కూడా ఆయనకు ఎప్పుడూ సరిగా తెలియలేదు. ఆయన పెళ్లాం అలిగినప్పుడు సంతకు పోయి పూలు తెచ్చి గూట్లో పెట్టేవాడు, అంతే. ఇప్పుడు ఒక మందారపువ్వు తెచ్చి బోసివీపుదాని ముందు పెట్టాడు. అది చూడలేదు. డాక్టరు వద్దన్నాడు కదా అని పువ్వు తీసేశాడు. తీశాక, పెట్టింది తప్పా తీసింది తప్పా అని కాసేపు నిలబడిపోయాడు.

పై వారమంతా అదే వరస. నామం ఉన్నది రోజురోజుకు బలుస్తోంది. రోజూ దాన్ని ఎత్తి బయటికి తేవడానికి ఆయనకు నడుము పట్టేస్తోంది. బోసిది రోజురోజుకు కదలడం తగ్గిస్తోంది. ఒకదాని జబ్బు ఇంకోదానికి మారిపోయిందా? అంటురోగమా? అలాగైతే మందు దీనికి వేయాలా, దానికి వేయాలా? బాగున్నదాని మందు ఆపి బాగులేనిదానికి వేద్దామని ఒకరోజు అనుకున్నాడు. ఆపితే చిన్నాడికి మళ్లీ తిరగబెడితే? నాగశ్రీ ముఖ్యంగా దిగులుపడేది చిన్నాడి గురించే. ఎటు తిరిగినా ఒక తాబేలుకు అన్యాయం జరిగేలా ఉంది. రాత్రి భోజనంలో చారుకు బదులు మజ్జిగ కలుపుకుని, దానిమీద మళ్లీ చారు పోసుకున్నాడు.

"ఏందిరా అది? యాడ ఉండాది నీ మనసు?" అంది లీలమ్మ.

"ఊఁ."

"ఊఁ ఏంది ఊఁ? నోట్లో కొళుకట్ట కుడుము పెట్టుకున్నోడి మాదిరి. ఏమన్నా ఉంటే చెప్పి చావరా."

చెప్పడానికి ఏముంది? ఆయనకే తెలియనిది ఆమెకేం చెబుతాడు? మజ్జిగచారన్నం తినేసి లేచిపోయాడు.

శుక్రవారం వచ్చింది, శనివారం వచ్చింది. శుక్రవారం లీలమ్మ ఇల్లంతా కడుగుతుంది. శనివారం తెల్లారేసరికి గడప, గ్రైండరు, గ్యాసు పొయ్యి, గోవిందా అని బియ్యం అడగడానికి వీధిలో తిప్పే ఇత్తడి చెంబు, ఆఖరుకు చెంగల్రాయన్ సైకిలు హ్యాండిలు కూడా కొత్త నామాలతో మెరుస్తుంటాయి. తాబేలు నామం కూడా మెరుస్తోంది. పుట్టినప్పటినుంచీ పెరటాసిలో ఆ ఇల్లు అలాగే మెరుస్తుంటే చూస్తున్నవాడు కనుక, ఆయనకు అందులో వింతేమీ తోచలేదు.

ఆ శనివారం సాయంత్రమే లీలమ్మ ఫోను మోగింది. వీడియో. నాగశ్రీ మొహం, వెనకాల మంచంమీద కట్టు కట్టిన కాలు.

"మామ్మగారూ, బాగున్నారా అండి? అమ్మ రేపటినుంచి కర్ర పట్టుకుని నడుస్తదంటండి. ఇంకో వారంలో వచ్చేస్తానండి. మా పిల్లల్ని ఒకసారి చూపించరూ? కళ్లల్లో మెదులుతున్నారండి."

"చూపిస్తా ఉండు తల్లీ. రేయ్ చెంగా, ముందు ఒకదాన్ని పట్టుకో, బొమ్మ తీస్తాను."

చెంగల్రాయన్ నామం తాబేలును ఎత్తి, కొంచెం గర్వంగానే, ఫోనుకు ఎదురుగా పట్టుకున్నాడు. నాగశ్రీ పకపకా నవ్వింది.

"అయ్యబాబోయ్! పెద్దాడికి నామం పెట్టారేంటండి! ఎంత ముద్దుగా ఉన్నాడో. బాగా బలిశాడు ఎదవ."

"చిన్నాడు," అన్నాడు చెంగల్రాయన్.

"కాదండి, పెద్దాడండి."

"చిన్నాడే."

"తాతగారూ, చిన్నాడికి వెనకాల తోకపైన పెంకు కొసన చిన్న నొక్కు ఉంటదండి. పిల్లప్పుడు మెట్లమీంచి పడ్డాడు. వీణ్ణి ఇటు తిప్పండోసారి. ఏదీ? లేదు కదా? పెద్దాడేనండి. నా చిన్నాడేడండి?"

చెంగల్రాయన్ బొటనవేలు పెంకు వెనక అంచంతా తడిమింది. నున్నగా ఉంది. మిల్లులో తెగిన దారప్పోగును చూడకుండా పట్టుకున్న వేలు అది, పొరబడదు. ఆయన తాబేలును కిందికి దించి, దొడ్డిమూల ఒదిగి ఉన్నదాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. ఈ వారం రోజుల్లో దాన్ని ఎత్తడం అదే మొదటిసారి. ఎత్తాల్సిన బరువు ఊహించుకుని బలంగా లేపితే అది గాల్లోకి లేచి వచ్చింది. అంత తేలిక. ఎండిపోయిన సొరబుర్ర ఎలా ఉంటుందో అలాగుంది. బొటనవేలు వెనక్కి వెళ్లి నొక్కుమీద ఆగింది.

"అక్కా, ఫోను కట్టు," అన్నాడు.

"ఆమె మాట్లాడతా ఉంటే ఎట్టా..."

"కట్టు."

లీలమ్మ కట్టేసింది. తమ్ముడు వరసగా రెండుసార్లు మాట్లాడడంతోనే ఆమెకు భయం వేసింది.

"ఈ నామం నేను చిన్నదానికి వేసినాను. డాక్టరు గుర్తు పెట్టుకోమన్నాడని. దానికెట్టా పొయ్యింది?"

లీలమ్మ ఫోను బావిగట్టు మీద పెట్టేసింది.

"నేనే కదరా మార్చింది! శుక్రవారం బురదలో దొర్లి ఉండాయని రెండింటినీ బావికాడ కడిగినాను. నామం కరిగిపోయె. అయ్యో, పెరుమాళ్లకు వేసిన నామం కదా, తెల్లారి శనివారం, నువ్వు లేచేలోపల నేనే మళ్లీ దిద్దినాను."

"పెద్దదానికి ఎందుకు వేసినావు?"

"మరి? ఇంట్లో పెద్దది బోడివీపుతో కూచోని ఉంటే చిన్నదానికి దిద్దతారా ఎవురన్నా? నీకు వరస తెలీక వేసినావు అనుకున్నాను. మేతకు ఏది ముందొస్తే అదే పెద్దది అని నాకు తెలుసు కదా. వారం వారం దానికే దిద్దతా ఉండాను. గుర్తు అని నాకెట్టా తెలుస్తాదిరా? నువ్వు చెప్పినావా?"

ఆయన చెప్పలేదు. చెప్పలేదన్నది ఆయనకు అప్పుడు చేతుల్లో ఉన్న ఆ తేలికలాగే తెలిసింది. అంటే ఇన్నాళ్లూ తను వేడినీళ్లలో కూచోబెట్టి, మందువేసి, చిగుళ్లు పెట్టింది ఒళ్లెక్కువైనదానికి. ఎండుగడ్డి పడేసి మాడ్చింది చిన్నాడిని. మధ్యలో ఒకరోజు పువ్వు పెట్టి, అదీ తీసేసుకున్నాడు. తలలో అన్నీ ఒకదానిమీద ఒకటి పడిపోతున్నాయి. ఒక్క విషయం మాత్రం కదలకుండా నిలబడి ఉంది: రెండూ ఉండాలని నాగశ్రీ అడిగింది, తను తల ఊపాడు.

హరిహరన్ క్లినిక్కు మూసేవేళకు ఇద్దరూ బుట్టతో చేరారు. లీలమ్మ దారిలో ఆటోవాడికి కథంతా చెప్పింది. డాక్టరు చిన్నాడి నోరు తెరిచి చూశాడు, కాలి సందులో సూదిమందు వేశాడు.

"ఒంట్లో నీళ్లు లేవు. వెచ్చగా ఉంచండి, నీళ్లలో కూచోబెట్టండి. ఒకటి రెండు రోజుల్లో తనంతట తను తినడం మొదలుపెడితే పరవాలేదు. తినకపోతే చెప్పలేను. బలవంతంగా నోట్లో కుక్కకండి." లేచి చేతులు కడుక్కుంటూ నెమ్మదిగా అడిగాడు, "గుర్తు వేసుకోమన్నాను కదా?"

"వేసినానయ్యా," అన్నాడు చెంగల్రాయన్.

"మరి?"

"చెరిపేసింది నేను," అంది లీలమ్మ.

డాక్టరు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి బుట్టలో గోనె సర్దాడు.

చిన్నాడిని ఇక దొడ్లో వదలలేదు. వంటింట్లో రుబ్బురోలు పక్కన గోనెసంచి పరిచి, మీద బల్బు వేలాడదీశారు. ఆదివారం తెల్లారినప్పటినుంచి చెంగల్రాయన్ అక్కడే పీట వేసుకుని కూచున్నాడు. మందారచిగురు పెట్టాడు. ముట్టలేదు. సొరతొక్కు. ముట్టలేదు. చుక్కల మందు వేసిన అవిసాకు. వాసన కూడా చూడలేదు. దాని ఎదురుగా తను కూచున్నందుకు భయపడుతోందా, లేక తను లేస్తే ఒంటరిదైపోతుందా? లేచి గడప దాకా వెళ్లాడు, తిరిగొచ్చి కూచున్నాడు. మళ్లీ లేచాడు.

"సుమ్మా ఒక దగ్గర కూచోరా. నువ్వు అటూ ఇటూ తిరిగితే నాకే అన్నం దిగడం లేదు, దానికెట్టా దిగతాది?" అంది లీలమ్మ. ఆమె కూడా పొద్దుటినుంచి ఏమీ తినలేదు. పెరుమాళ్లకు ఏమేమి మొక్కుకుందో తమ్ముడికి చెప్పలేదు.

మధ్యాహ్నం విమానం ఇంటిమీదుగా వెళ్లింది. పెరట్లో పెద్దాడు తల లాక్కుని ఉంటాడు. ఇక్కడ చిన్నాడు లాక్కోలేదు. లాక్కునే ఓపిక కూడా లేదేమో. చెంగల్రాయన్ బల్బును ఇంకొంచెం కిందికి దించాడు.

సోమవారం కూడా అలాగే మొదలైంది. నాగశ్రీ ఫోను చేసింది. లీలమ్మ ఫోను తీసి, ఏం చెప్పాలని తమ్ముడివైపు సైగ చేసింది. చెంగల్రాయన్ ఫోను తన చేతికి తీసుకున్నాడు. ఇదివరకెప్పుడూ తీసుకోలేదు.

"అమ్మాయ్, చిన్నాడికి ఒంట్లో బాగలేదమ్మా. తప్పు మాదే. తినడం లేదు. డాక్టరు చూసినాడు. నేను పక్కనే ఉండాను."

నాగశ్రీ, "వాడు చూస్తుంటే తినడండి," అంది. "మొదటినుంచీ అంతేనండి. నేను కూరలు తరుక్కుంటా అటు తిరిగి కూచుంటే, వెనకనుంచి వచ్చి తినేవాడు. మీరు చూడకండి తాతగారూ."

చూడకుండా ఎలా కాపాడడం? ఆయనకు అర్థం కాలేదు. అయినా పీట తిప్పుకుని గోడవైపు మొహం పెట్టి కూచున్నాడు. లీలమ్మ కత్తిపీట ముందేసుకుని, అటే తిరిగి అవిసాకు తరగడం మొదలుపెట్టింది. ఇద్దరు ముసలివాళ్లు ఒకే గోడను చూస్తూ కూచున్నారు. గోడమీద పోయినేడాది క్యాలెండరు ఉంది. దాన్ని ఎందుకు తీయలేదో అనుకున్నాడు చెంగల్రాయన్. లీలమ్మకూ అదే తోచి ఉంటుంది. అయినా నోరు విప్పలేదు. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండడం ఆయన ఎన్నడూ ఎరగడు.

ఎంతసేపయిందో. కత్తిపీట కిందనుంచి ఒక కాడ జారి వెనక్కి పడింది. గోనెమీద గోళ్లు రాసుకున్న చప్పుడైంది. ఆగింది. మళ్లీ అయింది. తర్వాత కరక్కుమని, పచ్చి కాడ తెగిన చప్పుడు.

లీలమ్మ కదలలేదు. ఒక చెయ్యి మాత్రం మెల్లగా లేపి, వేళ్లు నోటి దగ్గరికి తెచ్చి, తింటోందని తమ్ముడికి సైగ చేసింది. ఆమె కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి.

"తింటా ఉండాది అక్కా," అన్నాడు చెంగల్రాయన్ పైకే. "తింటా ఉండాది. ఇంకో కాడ వెయ్యి. వెనక్కి చూడకుండా వెయ్యి. లేతది వెయ్యి, ముదురుది కాదు. ఆ పక్కది."

"గమ్మున ఉండరా, బెదరతాది," అని గొణిగింది లీలమ్మ.

ఆ వారంలోనే దొడ్డికి మధ్యలో ఇటుకల అడ్డం లేచింది. నాగశ్రీని అడిగే కట్టాడు, ఫోనులో. పెద్దాడు ఒకరోజంతా ఆ గోడను తలతో తోస్తూ గడిపాడు. అవతలున్నవాడిమీద ప్రేమా, పగా, లేక గోడ నచ్చలేదా అన్నది చెంగల్రాయన్‌కు తెలియలేదు. ఎవరిని అడగాలో కూడా తెలియక ఊరుకున్నాడు. ఇద్దరికీ రెండు పళ్లాలు పెట్టి, చిన్నాడి పళ్లెం దగ్గర మాత్రం వీపు తిప్పుకుని కూచునేవాడు.

నాగశ్రీ వచ్చింది పెరటాసి ఆఖరి శనివారం పొద్దున. సంచి గేటు దగ్గరే పడేసి పెరట్లోకి పరిగెత్తింది. లీలమ్మ అప్పుడే రెండింటినీ కడిగి బావిగట్టు మీద వేరువేరుగా ఆరబెట్టి, తిరుమణి అరగదీస్తోంది.

నాగశ్రీ రెండు తాబేళ్లవైపూ చూసి, ఒకదాన్ని రెండు చేతులా ఎత్తుకుని గుండెకు హత్తుకుంది.

"నా చిన్నాడే! ఎంత చిక్కిపోయావురా బాబూ! చూశారా తాతగారూ, నన్ను ఎలా చూస్తున్నాడో?"

చెంగల్రాయన్ ఆ తాబేలువైపు చూశాడు, గట్టుమీదున్న దానివైపు చూశాడు. పెద్దాడు ఎండుగడ్డిమీద ఉండి కాస్త తగ్గాడు. చిన్నాడు కాడలు తిని కాస్త పెరిగాడు. ఇప్పుడు చూడబోతే రెండూ మళ్లీ ఒకటే. ఊరుకుంటే ఏం పోయింది, ఆ పిల్ల అంత సంతోషంగా ఉంది, తల ఊపేస్తే సరి. తల సగం ఊపి ఆగిపోయాడు.

"అది కాదేమో అమ్మా," అన్నాడు. "వెనకాల ఒకసారి తడిమి చూడు."

నాగశ్రీ తడిమింది. మొహం మారింది. "అదేంటండి! నొక్కు లేదు! వీడు పెద్దాడా? నేనే మర్చిపోయానా?" అని పగలబడి నవ్వుతూ రెండోదాన్ని ఎత్తుకుంది. దాని వెనక బొటనవేలు పెట్టి చూసి, దాని పెంకుమీద చెంప ఆనించి నిలబడింది.

లీలమ్మ గిన్నె పట్టుకుని లేచింది. "సరే గానీ, ఆరిపోతా ఉండాది. నామం ఏదానికి దిద్దాలో మీ ఇద్దరూ కలిసి ఇప్పుడే చెప్పి చావండి. మళ్లీ నన్ను అనొద్దు."

"రెండిటికీ దిద్దక్కా," అన్నాడు చెంగల్రాయన్.

"ముందు ఏదానికి?"

ఆయన ఆలోచించాడు. "చిన్నాడికి," అన్నాడు, తల ఊపకుండా, నోరు తెరిచే.